మార్చిన బండి కొనడమా? కొన్న బండిని మార్చుకోవడమా?

గత సంచికలో ఇన్వర్టర్ బ్యాటరీల సంరక్షణ గురించి వ్రాసిన పిదప ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి బ్యాటరీలకు సంబంధించినది కాదు. బచేలి నుండి ఒక సోదరి వ్రాసినారు. ఆమె భర్త మన ప్రాజెక్టులోనే పని చేయుచున్నారు. కుమారుడు ఈ సంవత్సరమే ట్రైనీగా చేరినాడు. జగదల్‌పూర్‌లో ఒక పాత బుల్లెట్ అమ్మకానికి ఉన్నదట. వెడల్పాటి వెనుక టైరు, ఎత్తైన హ్యాండిల్, ఒంటి సీటు, పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ అన్నీ ముందే అమర్చి ఉన్నవి. అబ్బాయి మనసు దాని మీద పడినది. తండ్రిగారు మాత్రం మామూలు బండి కొని, కావలసినవి తరువాత నెమ్మదిగా పెట్టించుకోమంటున్నారు. "అన్నయ్యగారూ, ఇంట్లో పదిహేను రోజులుగా ఇదే మాట. ఏది మేలో మీరైనా చెప్పండి. నాకు కావలసినది మాత్రం ఒక్కటే, వాడు క్షేమంగా డ్యూటీకి వెళ్ళి రావాలి" అని ఆ తల్లి ఉత్తరాన్ని ముగించినారు.

ఈ ప్రశ్న ఒక ఇంటిది కాదు. కిరండూల్, బచేలి క్వార్టర్ల ముందు నిలిపిన బండ్లను ఒకసారి చూచినట్లయితే, కర్మాగారం నుండి వచ్చిన రూపంలో ఉన్నవి ఎన్నో, రూపం మారినవి ఎన్నో పాఠకులే గ్రహించగలరు. కావున కొంత విపులంగా వ్రాయదలచినాను.

బండిని మార్చుకోవాలనే కోరిక ఈ తరం పిల్లలకు మాత్రమే పట్టిన పిచ్చి అని పెద్దలు విసుగు చెందవలసిన పని లేదు. 1950, 60 దశకాలలో ఇంగ్లండులోని యువకులు మామూలు బండ్లకు హ్యాండిల్ కిందికి దించి, సీటు వెనుకకు జరిపి, లండన్ శివార్లలోని టీ హోటళ్ళ మధ్య పందేలు వేసుకొనేవారు. వాటికే కెఫే రేసర్లు అని పేరు. ఇది గమనించిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ తన కర్మాగారంలోని అప్రెంటిసుల అభిరుచులను అడిగి తెలుసుకొని, 1964లో కాంటినెంటల్ జి.టి. అనే 250 సి.సి. బండిని ఆ రూపంలోనే తయారు చేసి అమ్మినది. యువకులు రెంచీ పట్టుకొని ఇంటి వద్ద చేసుకొనే పనిని కర్మాగారమే చేసి ఇచ్చినదన్న మాట. అదే పేరుతో 2013లో 535 సి.సి. బండి, 2018లో 650 సి.సి. బండి మన దేశంలో తయారైనవి.

మన దేశంలో ఇంతకంటె చిత్రమైన ఉదాహరణ ఉన్నది. పెట్రోలు ధరకు తట్టుకోలేక పాత బుల్లెట్ ఛాసీలో డీజిల్ ఇంజనును బిగించుకొనే మెకానిక్కులు ఒకప్పుడు ఉండేవారు. 1990 దశకంలో ఎన్‌ఫీల్డ్ వారే టారస్ పేరుతో 325 సి.సి. డీజిల్ బుల్లెట్‌ను తెచ్చినారు. ఇంజను శక్తి 6.5 హార్స్ పవర్ మాత్రమే. వేగం లేదు, వణుకు మెండు, మైలేజి మాత్రం అమోఘం. ఉద్గార నియమాలు బిగుసుకొనడంతో ఆ బండి 2000 ప్రాంతంలో నిలిచిపోయినది. పాలబిందెలకు రెండు వైపులా తగిలించి తిరిగిన ఆ బండ్లను చూచిన నా వయసు వారు ఇప్పటికీ వాటి ధ్వనిని గుర్తు పట్టగలరు.

కావున మార్చిన బండి అనగానే అన్నీ ఒకే కోవలోనివి కావు. కర్మాగారమే మార్చి ఇచ్చినది ఒక రకం. పేరున్న వర్క్‌షాపు చేసినది రెండవ రకం. హైదరాబాదులోని ఐమోర్ కస్టమ్స్ వంటి సంస్థలు రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లకు చేసిన పనితనం దేశమంతటా పేరు పొందినది. పాత యజమాని తనకు తోచినట్లు, తన చేతిలో డబ్బు ఉన్నంత మేరకు, దొరికిన మెకానిక్కు చేత చేయించినది మూడవ రకం. జగదల్‌పూర్ బండి ఈ మూడవ రకానికి చెందినది.

మొదటి రకం ఎందుకు మెరుగైనదో ఒక నిజమైన లెక్కతో చూపగలను. హీరో కంపెనీ 2019లో ఎక్స్‌పల్స్ 200 అనే బండిని విడుదల చేసినది. కొండ దారులకు, మట్టి బాటలకు దానిని మరింత అనువుగా చేసే ర్యాలీ కిట్టును 2020లో విడిగా అమ్మినారు. ధర 38,000 రూపాయలు. ముందు సస్పెన్షన్ కదలిక 190 మిల్లీమీటర్ల నుండి 250కి, వెనుకది 170 నుండి 220కి పెరుగుతుంది. సీటు ఎత్తు కూడ పెరుగుతుంది. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. అయితే ఆ పెట్టెలో పొడవైన సైడ్ స్టాండు, పొడిగించిన గేరు పెడల్, హ్యాండిల్‌ను ఎత్తు చేసే దిమ్మలు కూడ ఉన్నవి. ఎందుకు? బండి ఎత్తు పెరిగినప్పుడు పాత స్టాండు పొట్టిదై, నిలిపిన బండి అతిగా ఒరిగి పడిపోతుంది. ఎత్తైన బండిని మట్టి బాటలో నిలబడి నడిపేవాడికి పాత హ్యాండిల్ అందదు, మందపాటి బూటుకు పాత పెడల్ చాలదు. ఒక మార్పు చేస్తే దాని వెంట మరి ఏయే మార్పులు రావలెనో అక్కడి ఇంజనీర్లు చివరి వరకు లెక్క వేసినారు. 2022 జూలైలో అవే భాగాలను కర్మాగారంలోనే బిగించి ర్యాలీ ఎడిషన్ పేరుతో 1,52,000 రూపాయలకు అమ్మకానికి పెట్టినారు. మామూలు బండికి, దీనికి ధరలో తేడా విడి కిట్టు ధర కంటె బాగా తక్కువ. రిజిస్ట్రేషన్ కాగితాలు కూడ ఆ రూపానికే వచ్చినవి. ఇటువంటి బండి దొరికినప్పుడు అదే పనిని ఇంటి వద్ద చేయించుకొనడంలో అర్థం లేదు.

మన గనులలో కన్వేయర్ మీద ఒక భాగం కొలత మార్చవలెనంటే డ్రాయింగు కావలెను, కారణం వ్రాయవలెను, సంతకాలు కావలెను. ఆ కాగితాల గొడవను చూచి విసుగుకొనని ఇంజనీరు లేడు. నేనూ విసుగుకొన్నవాడినే. అయితే ఆ సంతకాల వెనుక ఒక ప్రశ్న ఉన్నది: ఈ మార్పు వలన బరువు, వేడి, కంపనం ఎక్కడికి మళ్ళుతున్నవి? అమ్మకానికి వచ్చిన మార్పుల బండిని చూచినప్పుడు కూడ అడుగవలసిన ప్రశ్న ఇదే. పెట్టిన సామాను ఖరీదెంత అనేది ఆ తరువాతి మాట.

ఆ సోదరి ఉత్తరం అందిన తరువాతి ఆదివారం అబ్బాయిని వెంటబెట్టుకొని జగదల్‌పూర్ వెళ్ళి బండిని చూచి వచ్చినాను. అమ్మే వ్యక్తి మర్యాదస్తుడు. అడిగిన ప్రతిదీ చూపించినాడు. ధర 1,35,000 రూపాయలు చెప్పినాడు. "ఈ మార్పులన్నీ విడిగా చేయిస్తే డెబ్బయి వేలు అవుతుందట బాబాయిగారూ" అని అబ్బాయి నా చెవిలో చెప్పినాడు.

ముందుగా ఆర్.సి. అడిగి తీసుకొన్నాము. 2012 నాటి బండి. రంగు నలుపు అని, కూర్చొనే వారి సంఖ్య రెండు అని వ్రాసి ఉన్నది. ఎదుట ఉన్నది మెరుపు లేని ఆకుపచ్చ రంగు బండి, ఒకే సీటు. ఇంజను నంబరు, ఛాసీ నంబరు సరిపోయినవి.

సీటు కింద చేయి పెట్టి తడిమి చూచితిమి. వెనుక మడ్గార్డును పొట్టిగా చూపడానికి ఛాసీ వెనుక గొట్టాలను కోసి, అడ్డంగా ఒక వంపు గొట్టాన్ని వెల్డింగు చేసినారు. పైన మందంగా రంగు వేసినారు. టార్చి వెలుగులో చూడగా వెల్డు అంచు వెంట గొట్టం కొద్దిగా కొరికినట్లు పల్లమై ఉన్నది. వెల్డింగు షాపులో పని చేసే సోదరులకు అండర్‌కట్ అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఆ గాటు దగ్గరనే ఒత్తిడి కేంద్రీకృతమవుతుంది. వెల్డు పక్కన వేడికి గురి అయిన లోహం గుణం కూడ మారి ఉంటుంది. నునుపైన రోడ్డు మీద అది పదేండ్లు నిలువవచ్చును. గీదం నుండి బచేలి వరకు వర్షాకాలపు గుంతలలో రోజుకు కొన్ని వేల కుదుపులు తిన్నప్పుడు పగులు ఎక్కడ మొదలగునో చెప్పడానికి పెద్ద చదువు అవసరం లేదు.

తరువాత ఇంజనును స్టార్టు చేయించి, బండిని స్టాండు మీదనే ఉంచి, హ్యాండిల్‌ను ఎడమ కొసకు, కుడి కొసకు నిదానంగా తిప్పినాము. కుడి వైపు తిప్పినప్పుడు ఇంజను వేగం దానంతట అదే పెరిగినది. హ్యాండిల్ ఎత్తు చేసినవారు యాక్సిలరేటర్ కేబుల్‌ను పొడవైనది వేయలేదు, పాతదే బిగుతుగా లాగి కట్టినారు. ఇరుకు మలుపులో పూర్తిగా హ్యాండిల్ తిప్పిన క్షణంలో బండి తనంత తానే ముందుకు దూకుతుంది. ఈ పరీక్షకు ఒక నిమిషం చాలును, పైసా ఖర్చు లేదు. సెకండ్ హ్యాండ్ బండి కొనే ప్రతివారు చేయదగినది.

వెనుక నుండి వంగి చూచితే వెడల్పు టైరు చైనుకు వ్రేలి మందం దూరంలో ఉన్నది. టైరుకు చోటు కల్పించడానికి స్ప్రాకెట్‌ను వాషర్లతో బయటికి జరిపినారు. ముందు స్ప్రాకెట్ మాత్రం పాత చోటనే ఉన్నది. కావున చైను ఏటవాలుగా తిరుగుతున్నది. స్ప్రాకెట్ పండ్లు ఒక వైపే అరిగి మెరుస్తున్నవి. స్పార్కు ప్లగ్గు విప్పించగా దాని మొన కాఫీ పొడి రంగులో ఉండవలసినది తెల్లగా పాలిపోయి ఉన్నది. సైలెన్సర్ లోపలి జాలి తీసివేసి, గాలి ఎక్కువగా పోయే ఫిల్టరు పెట్టినారు, కార్బురేటర్ జెట్టు మాత్రం మార్చలేదు. గాలి ఎక్కువై పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుచున్నది.

ఇక హెడ్ లైటు. మామూలు 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు తీసుకొంటుంది. దీనికి 100 వాట్ల బల్బు పెట్టినారు, అనగా 8 ఆంపియర్లకు పైగా. తీగలో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక పాత తీగలు, పాత స్విచ్చి దాదాపు మూడింతల వేడిని భరించుచున్నవి. తగినంత తీగ, ఒక రిలే, ఒక ఫ్యూజు పెట్టియుంటే ఈ సమస్య ఉండేది కాదు. పై తొడుగు ఊడిన చోట నల్లని టేపు చుట్టి ఉన్నది.

ఇవి ఏవీ ఆ మెకానిక్కు చెడ్డవాడని నిరూపించవు. ప్రతి పనిలోను మొదటి అడుగు వేసి రెండవ అడుగు వేయలేదు, అంతే. డబ్బు అయిపోయి ఉండవచ్చును, యజమాని తొందర పడి ఉండవచ్చును. డెబ్బయి వేల విలువైన మార్పులు అని అబ్బాయి అనుకొన్న చోట నాకు కనిపించినది, సగంలో నిలిపివేసిన ఒక లెక్క. దానిని పూర్తి చేయడానికో, చెరిపివేసి మొదటికి తేవడానికో అయ్యే ఖర్చు కొనేవారి మీదనే పడుతుంది. కోసిన ఛాసీని మొదటికి తేవడం మరీ కష్టం.

చట్టం మాట కూడ చెప్పవలెను. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా యజమాని బండిని మార్చరాదు. 2000 సంవత్సరపు సవరణతో ఇది కఠినమైనది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళకు సంబంధించిన ఒక వ్యాజ్యంలో ఇదే విషయాన్ని స్పష్టం చేసినది. అదే సంవత్సరపు సవరణ చట్టం ప్రకారం అనుమతి లేని మార్పులకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. ఒక్కొక్క మార్పుకు అనే మాటను గమనించండి. ఇంజనును బ్యాటరీకి, గ్యాసుకు మార్చుకొనడానికి ఆమోదం పొందిన కిట్టులు ఉన్నప్పుడు చట్టమే దారి ఇచ్చినది. రంగు మార్చినచో ఆర్.సి.లో నమోదు చేయించుకొనవలెను. లెగ్ గార్డు, సామాను పెట్టె, సీటు కవరు వంటి వాటితో పేచీ లేదు. పాత యజమాని చేసిన మార్పు కదా అని కొత్త యజమాని తప్పించుకొనలేడు. పోలీసు ఎదుట, ప్రమాదం జరిగినప్పుడు బీమా సర్వేయరు ఎదుట నిలబడేది ఆయనే.

గృహిణులు తప్పక తెలుసుకోవలసిన నియమం ఒకటి ఉన్నది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం ప్రకారం ద్విచక్ర వాహనంలో వెనుక కూర్చొనేవారికి పట్టుకొనే పిడి, కాలు పెట్టుకొనే ఫుట్ రెస్టు, వెనుక చక్రంలో కనీసం సగ భాగాన్ని కప్పే రక్షణ ఉండవలెను. బట్టలు చక్రంలో చిక్కుకొనకుండా ఉండుటకు ఈ ఏర్పాటు. మనం శారీ గార్డు అని పిలిచేది ఇదే. అందం కోసం బండిని మార్చేవారు మొట్టమొదట ఊడదీసేది దీనినే. చీర కుచ్చెళ్ళు, చున్నీలు ఊచలలో చుట్టుకొని జరిగే ప్రమాదాలు ఎంత ఘోరంగా ఉంటవో మన ఆసుపత్రి సిబ్బందిని అడిగితే చెప్పగలరు. జగదల్‌పూర్ బండికి వెనుక సీటే లేదు కనుక శారీ గార్డు ప్రసక్తి లేదని అమ్మే వ్యక్తి చమత్కరించినాడు. ఆ అబ్బాయి తల్లిని దంతేశ్వరి అమ్మవారి గుడికి ఏ బండి మీద తీసుకొని వెళ్ళగలడని నేను అడిగినాను. ఆ మాటకు అబ్బాయి నవ్వినాడు గాని, తిరుగు దారిలో గీదం వరకు మాటలాడలేదు.

ఆ బండిని కొనలేదు. 2019 ఏప్రిల్ తరువాతి మామూలు బుల్లెట్ ఒకటి సెకండ్ హ్యాండులో వెతుక్కొన్నాడు. ఆ నెల నుండి 125 సి.సి. దాటిన ప్రతి కొత్త బండికి ఏ.బి.ఎస్. తప్పనిసరి అయినది. ఎర్రమట్టి తడిసిన రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకొని జారకుండా ఇది కాపాడుతుంది. టైర్లు, హ్యాండిల్, సైలెన్సర్ ఎప్పుడైనా మార్చుకొనవచ్చును గాని, పాత బండికి ఏ.బి.ఎస్.ను తరువాత అమర్చుకొనడం మామూలు వర్క్‌షాపుల వల్ల అయ్యే పని కాదు. పైగా ఏ.బి.ఎస్. చక్రపు వేగాన్ని కొలిచి పని చేస్తుంది కనుక, ఆ బండికి ఇష్టం వచ్చిన కొలత టైర్లు వేయరాదు.

స్వయంగా మార్చుకొనేవారికి నా సలహా ఏమనగా, మొదటి వర్షాకాలం గడిచే వరకు ఏమీ మార్చకండి. నడుపుతూ ఒక పుస్తకంలో వ్రాసుకొనండి. నడుము నొప్పి పుట్టినదా, రాత్రి దారి కనబడలేదా, బ్రేకు చాలలేదా? ఆరు నెలల తరువాత ఆ పుస్తకంలో మిగిలే కోరికలు మొదట ఉన్న వాటిలో సగం కూడ ఉండవు. తాను చేయించుకొనేవాడికి ఉన్న పెద్ద లాభం ఈ కాలమే. ముందే మార్చిన బండి కొన్నవాడు మరొకరి కోరికలకు డబ్బు చెల్లించుచున్నాడు.

నష్టం కూడ లేకపోలేదు. సొంతంగా మొదలు పెట్టిన పని ఎప్పటికి పూర్తి అగునో చెప్పలేము. మనకు సామాను విశాఖపట్టణం నుండి గాని రాయపూర్ నుండి గాని రావలెను. కొత్తవలస రైలు మార్గమే నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ఉన్నది. ఒక నట్టు కొలత తేడా వచ్చినచో మళ్ళీ వారం. మన కాలనీలోనే ఒక క్వార్టరు వెనుక విప్పదీసిన బండి రెండు సంవత్సరాలుగా టార్పాలిన్ కింద ఉన్నది. దాని మీద ఇప్పుడు బీర తీగ పాకినది. కావున పేరున్న వర్క్‌షాపు చేసిన బండి, బిల్లులతో సహా, ఛాసీ కోయకుండా, తీసివేసిన అసలు భాగాలను కూడ ఇచ్చే యజమాని వద్ద దొరికితే నేను దానిని కొనవద్దని చెప్పను. అసలు భాగాలు దాచి ఉంచినవాడు పని తెలిసినవాడని అర్థం.

మార్చవలసి వస్తే మొదట టైర్లు, బ్రేకులు, చైను, లైటు. తరువాత సీటు. అందం ఆ పిమ్మట. సీటును పట్టణంలోని కుర్చీలు కుట్టే పనివాడు కూడ చక్కగా చేయగలడు.

బ్రేకుల విషయంలో ఒక చిన్న లెక్క. సెలవులకు అరకు మీదుగా విశాఖకు బండి మీద వెళ్ళే యువకులు మనలో ఉన్నారు. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపి 320 కిలోలు అనుకొందాము. ఘాటులో 500 మీటర్ల ఎత్తు దిగేసరికి ఆ బరువు విడిచిపెట్టే శక్తి అయిదు లీటర్ల చల్లని నీటిని మరిగించడానికి సరిపోతుంది. ఆ వేడిలో కొంత గాలికి, కొంత ఇంజనుకు పోగా మిగిలినదంతా బ్రేకుల మీదనే పడుతుంది. అనంతగిరి ఘాటు 500 మీటర్లతో ముగియదు. కావున క్రిందికి దిగేటప్పుడు రెండవ గేరులో ఇంజను చేతనే బండిని పట్టి ఉంచవలెను. బ్రేకు మార్చకుండా ఇంజను శక్తి మాత్రమే పెంచేవారికి ఈ లెక్క చూపండి.

బస్తర్‌లో ఉండేవారికి మరి రెండు మాటలు. గాలి ఫిల్టరును ముట్టుకొనకండి. మన గాలిలో ఎగిరే ఎర్రని ధూళి హెమటైట్. దానినే శుద్ధి చేసి రూజ్ అనే పేరుతో కటకాలను, బంగారు నగలను మెరుగు పెట్టడానికి వాడుదురు. నగకు మెరుగు పెట్టే పొడి సిలిండరు లోపలికి పోయినచో ఏమగునో ఊహించుకొనండి. పెట్టెలో మూసి ఉన్న కాగితపు ఫిల్టరు చూడడానికి అందంగా ఉండదు గాని, దానిని రూపొందించినవారు ధూళిని దృష్టిలో ఉంచుకొన్నారు. పుస్తకంలో చెప్పిన గడువులో సగానికే దానిని మార్చండి.

రెండవది సైలెన్సర్. 175 సి.సి. మించిన ద్విచక్ర వాహనానికి నిర్ణయించిన ధ్వని పరిమితి 80 డెసిబెల్స్. 90 అనగా కొంచెం ఎక్కువ అని కొందరి భ్రమ. పది డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి పదింతలు. మనది మూడు షిఫ్టుల ఊరు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన డంపర్ ఆపరేటర్ పగలు పదకొండు గంటలకు నిద్రలో ఉంటాడు. ఆ నిద్ర చెడితే ఆ రాత్రి స్టీరింగు ముందు కూర్చొనేది నిద్ర లేని కన్నులతో. కుర్రవాడి సరదాకు, గని మలుపులో జరుగగల ప్రమాదానికి మధ్య దూరం మనం అనుకొన్నంత ఎక్కువ కాదు.

బండిని తప్పనిసరిగా మార్చవలసిన వారు కూడ ఉన్నారు. అంగవైకల్యం గల సోదరులకు పక్క చక్రాలు, చేతి బ్రేకు, చేతి గేరు వంటివి అలంకారాలు కావు. వీరి కొరకు మార్చిన వాహనాన్ని చట్టం ప్రత్యేకంగా గుర్తించినది. ముందుగా ఆర్.టి.ఒ. కార్యాలయంలో తెలుసుకొని, పని పూర్తి అయిన పిదప ఆర్.సి.లో నమోదు చేయించుకొనవలెను. ఈ విషయంలో మాత్రం, ముందే పక్క చక్రాలు అమర్చి నమోదైన బండి మంచి స్థితిలో దొరికితే కొనడమే సుఖం. ఆ చక్రాల అమరిక సరిగా కుదరడానికి పట్టే ఓపిక అందరికీ ఉండదు.

చివరగా ఆంధ్రలో కొని ఇక్కడకు తెచ్చుకొనేవారి సందేహాలు. పన్నెండు నెలలకు మించి ఛత్తీస్‌గఢ్‌లో నడుపదలచినచో అక్కడి రవాణా కార్యాలయం నుండి ఎన్.ఓ.సి. తెచ్చి ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించవలెను. తనిఖీలో ఛాసీ నంబరును పెన్సిలు అచ్చు తీసి సరి చూచెదరు. మార్పులున్న బండి చిక్కుకొనేది ఎక్కువగా ఈ చోటనే. కొత్త బండి కొనేవారు 2021 సెప్టెంబరులో వచ్చిన బి.హెచ్. సీరీస్ గురించి విచారించండి. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు ఆ అర్హత ఉన్నది. బదిలీ అయిన ప్రతిసారీ నంబరు మార్చుకొనే బాధ తప్పుతుంది. బండిని రైలులో పార్సిలుగా పంపేవారు ఆర్.సి. నకలు దగ్గర ఉంచుకొని, హెడ్ లైటుకు, ట్యాంకుకు గోనె చుట్టించి, ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసివేయించవలెను. తీసిన పెట్రోలును సీసాలో పోసి అదే రైలులో వెంట తెచ్చుకొనడం నేరము.